నూనె మరక

పొద్దుగాల అయిదున్నరకు ఓదెలు ఏస్ బండి
నా స్టూడియో ముందర హారన్ కొట్టింది.
వెనుక తొట్టిల వరిగడ్డి, దాని మీద
పెండ్లిళ్లకు కిరాయికిచ్చే ఎర్ర జంపఖానా.
నేనొక్కణ్నే పోదామనుకున్న.
తీరా జూస్తే తొమ్మిది మంది.

"నీ బొమ్మ హన్మకొండల గోడకు వెట్టిన్రట,
మేం సూడొద్దా?" అనుకుంట లసుమవ్వ
తనకంటె ముందు టిఫిన్ డబ్బను ఎక్కిచ్చింది.
మంగలి చేరాలు ఇస్త్రీ అంగీ తొడిగిండు.
జిన్నింగు మిల్లుకు నాగా వెట్టి సారమ్మ,
ఆమె బిడ్డ మౌనిక.
నేనేం బొమ్మ పంపిననో ఎవలకు చెప్పలే.
చెప్పుడెట్ల?

రేగొండ దాటంగనే మంచు.
ఖాళీ బొగ్గు లారీలు ఎదురొచ్చినప్పుడల్ల
ఆడోళ్ల కొంగులు ముక్కులకు,
చేరాలు చెయ్యి జేబుల దువ్వెనకు.

పరకాల కాడ చాయ్.
పైసలేమన్న ఇస్తరా అని అడిగిన్రు.
ఇయ్యరు. పేరు రాసిన కార్డొకటి మెడల ఏస్తరట.
"దండయితె గాదు గద?" అన్నడు ఓదెలు.
అందరు నవ్విన్రు, నేను సుత.
మా మండలంల దండ వడ్డ బొమ్మలు
సగం నేను తీసినయే.

గూడెప్పాడ్ కాడ ములుగు రోడ్డెక్కినం.
మౌనిక బోర్డులు గట్టిగ సదువుతున్నది:
ఎరువుల దుకాణం, మోకాళ్ల దవాఖాన,
ప్లాట్లు, ప్లాట్లు, మళ్ల ప్లాట్లు.
నాకు ఒక్కటే గుబులు.
వీళ్లంత తమ మొకాలు చూడ వస్తున్నరు.

హాలు సల్లగున్నది.
చెప్పులు ఇడువాల్నా అని అడిగింది లసుమవ్వ.
వద్దన్నా ఇడిసింది.
వానకు తడిసిన రాతి స్తంభాలు,
చెరువు మీద కొంగలు,
మిరపకాయల కుప్పల నడుమ
పండ్లు లేని ముసలామె నవ్వు.
"ఈమె ఎవల బిడ్డ?"
కింద తీసినాయన పేరున్నది, కెమెరా పేరున్నది.

ఆఖరుకు, బాత్రూములకు పోయే తొవ్వల, నాది.
ఉత్త గోడ.
నీలం రంగు వెలిసిన నా స్టూడియో గోడ.
ముందర ఇనుప స్టూలు, స్టూలు మీద ఎవలు లేరు.
గోడకు తల ఆనే జాగల
ఇరవై రెండేండ్ల కొబ్బరినూనె, ఆముదం, చెమట
పేరుకొని నల్లవడ్డ మరక.

ఎవ్వరు మాట్లాడలే.
ఓదెలు నా దిక్కు జూసిండు,
వాని కండ్లల్ల పోయిన డీజిలంత కనవడ్డది.
గడ్డం పిలగాడొకడు ఆగి
"మినిమల్‌గా ఉంది సార్" అని పోయిండు.
మెచ్చుకున్నడో తిట్టిండో.

లసుమవ్వ దగ్గరికి పోయింది.
దారం కట్టిన కండ్లద్దాలు సదురుకున్నది.
"గీడ కూసునే గద నేను పింఛను బొమ్మ దిగింది?"
అద్దం మీద వేలు వెట్టింది,
మరకకు అడుగున, జరంత పక్కకు.
"గిది నాది. నేను పొట్టిదాన్ని,
గాడికే అందుత."

ఇగ ఆగలే ఎవలు.
"మీదిది నాది, గడువ లేపు, గడువ లేపు అని
సంపుకతింటివి గద" అన్నడు చేరాలు.
ఓదెలు తన లైసెన్సు బొమ్మ జాగ దేవులాడిండు.
సారమ్మ పెనిమిటి ఒక్కపాలే దిగిండు, రేషన్ కార్డుకు.
ఆయినె పొడుగు.
ఆమె మునివేళ్ల మీద నిలవడి
మరక పలుచవడే కాడ
అరచెయ్యి ఆనిచ్చి ఊకున్నది.

"నేనున్ననా ఇందుల?" మౌనిక.
"లేవు బిడ్డా," అన్నడు చేరాలు,
"నువ్వు షాంపు వెడ్తవు."

వాచ్‌మెన్ ఉరికొచ్చిండు, ముట్టొద్దని.
అప్పటికే ముట్టిన్రు,
పులిహోర తిన్న చేతులు.
గుడ్డ తెచ్చి తుడిసిండు.
పోలే. ఇంకింత పరుచుకున్నది.

తిరుగు తొవ్వల అందరు నిద్ర.
గూడెప్పాడ్ మలుపు కాడ ఓదెలు,
"దసరాకు స్టూడియోకు రంగేస్తనంటివి?"
మెడల కార్డు తిప్పి జూసుకున్న.
సదానందంకు సున్న వెట్టుడు మరిసిన్రు.
"సూద్దాం తీ," అన్న.